చూడని యింటికి చెప్పిన వెల

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలనిరి. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము చేర్చి చెప్పలేదు. ఆ కాలమున ఇల్లు అమ్ముట అరుదు. అమ్మవలసివచ్చినవాడు వీధిలోని పెద్దమనుష్యులను నలుగురిని పిలిచి వారినోట వెల చెప్పించెడివాడు. ఆ నలుగురును ఆ యింట పెండ్లిభోజనము చేసినవారు. ఏ దూలము పుచ్చినదో, ఏ గోడ వానకు చెమర్చునో, పెరటిబావి ఏ మాసమున నెండునో ఎఱిగినవారు. నేడు ఆ నలుగురి స్థానమున ఒక అంకె వచ్చి కూర్చున్నది. చేతిఫోనులో ఇంటి చిరునామా వ్రాసినంతనే కనుఱెప్పపాటులో వెల కానవచ్చును. దానికి రుసుము లేదు, నిరీక్షణము లేదు, ఒకరిని బతిమాలుకొనుట లేదు. అంకె చెప్పినవా రెవరు, వారు ఇంటి గడప తొక్కిరా, తప్పు చెప్పినచో పూచీ ఎవరిది అని అడుగువారును లేరు. ఆ ప్రశ్నను అడుగుటకే నేడు కలము పట్టితిమి.

ఇది అమెరికాలో బాగుగ పాతుకొనిన ఆచారము. అంతమాత్రమున మనకు దూరపు విషయమని పాఠకులు తలంపరాదు. టెక్సాసు రాష్ట్రమున డల్లాసు చుట్టుపట్లను, న్యూజెర్సీలోను, కాలిఫోర్నియాలోను మన తెలుగుబిడ్డలు వేలకొలది ఇండ్లు కొని కాపురము లున్నారు. వారి జీవితకాలపు సంపాదనలో పెద్దభాగము ఆ గోడలలోనే యున్నది. ఇచ్చట బెజవాడలోనో, వరంగల్లులోనో, కాకినాడలోనో తండ్రిగారి యిల్లు పంచుకొనవలసిన దినము వచ్చినప్పుడు, అన్నదమ్ములలో ఒకడు సముద్రముల కావల నుండి ఫోనులో చూచిన అంకెను పట్టుకొని మాటలాడును. ఊరనున్నవాడు బేరమునకు వచ్చినవారు చెప్పిన మాట చెప్పును. రెంటికిని పొత్తు కుదురదు. దూరముననున్నవానికి తమ్ముడు దాచుచున్నాడేమో యను అనుమానము, దగ్గఱనున్నవానికి అన్న తన్ను దొంగను చేయుచున్నాడను కష్టము. తప్పుడు అంకె వలన డబ్బు పోయినచో మరల సంపాదింపవచ్చును. అన్నదమ్ముల మధ్య పోయిన మాటను ఏ బ్యాంకు అప్పుగా నియ్యగలదు?

విషయమును మొదటినుండి చూతము. అమెరికాలో జిల్లో అను కంపెనీ 2006లో తన అంతర్జాలపుటలను తెఱచి, లక్షలకొలది ఇండ్లకు తానే వెల లెక్కగట్టి లోకమునకు ఉచితముగ చూపెను. ఆ లెక్కకు జెస్టిమేట్ అని పేరిడిరి. అది చేయు పని రహస్యమేమియు కాదు. ప్రభుత్వ కచ్చేరులలోని పన్నుల దాఖలాలను, పూర్వపు విక్రయములను, ఇంటి వైశాల్యమును, గదుల సంఖ్యను, కట్టిన సంవత్సరమును కూర్చుకొని, ఆ చుట్టుపట్ల ఇటీవల అమ్ముడైన ఇండ్లతో పోల్చి ఒక అంకెను కట్టును. ఒకేతీరున కట్టిన నూఱు ఇండ్ల వాడలో, ఏటేట పది పదునైదు ఇండ్లు చేతులు మాఱుచున్నచోట, ఈ లెక్క చాలవఱకు సరిపోవును. ఈ మేలును మేము కాదనము. పూర్వము అమ్మువానికిని కొనువానికిని వెలను గూర్చి ఏమియు తెలియక, సర్వమును దళారి గుప్పిటిలోనే యుండెడిది. ఆ గుప్పిటి కొంత విడివడినది. సామాన్యుడు మొదటిమాటకే మోసపోక, ఇది యెంతలో నున్నదో ఉజ్జాయింపుగ తెలిసికొను అవకాశము కలిగినది. ఇంతవఱకు మంచిదే.

ఇక లోపమునకు వత్తము. అమ్మకమునకు పెట్టని యిండ్ల విషయమున తన లెక్క మధ్యమదోషము సుమారు 7 శాతమని ఆ కంపెనీయే ప్రకటించుచున్నది. ఈ మాటను చదువరు లనేకులు అపార్థము చేసికొందురు. ఏడుశాతమునకు మించి తప్పదని దాని యర్థము కాదు. సగము ఇండ్ల విషయమున తప్పు ఏడుశాతమునకు లోపుగను, తక్కిన సగము ఇండ్ల విషయమున అంతకు మించియు నుండునని యర్థము. నాలుగులక్షల డాలర్ల ఇంటికి ఏడుశాతమనగా 28 వేల డాలర్లు. మన రూపాయలలో ఇరువదిలక్షలకు పైమాట. ప్రతి రెండు ఇండ్లలో ఒకదాని విషయమున తప్పు అంతకంటె పెద్దది. మీ యిల్లు ఏ సగములో నున్నదో ఆ అంకె చెప్పదు.

మఱియొక చిత్రము కలదు. ఇల్లు అమ్మకమునకు పెట్టిన పిమ్మట ఆ దోషము సుమారు 2 శాతమునకు దిగునని అదే కంపెనీ చెప్పుచున్నది. ఒక్కదినములో యంత్రమునకు ఇంత జ్ఞానోదయ మెట్లు కలిగినది? ఇల్లు అమ్మకమునకు పెట్టునప్పుడు ఒక మనుష్యుడు ఇంటిలో తిరిగి చూచి, వీధి నెఱిగి, ఇంతకు అమ్ముదమని ఒక వెల వ్రాయును. యంత్రము ఆ వెలను కూడ తన లెక్కలో కలుపుకొనును. పరీక్షలో పక్కవాని పలక చూచి వ్రాసిన బాలునికి మార్కులు హెచ్చిన తీరిది. ఎవడు అవసరము లేదనుకొనుచున్నామో, ఆ మనుష్యుని తెలివి చేరినపిమ్మటనే యంత్రపు మాటకు విలువ పెరుగుచున్నది.

2016లో ఆ కంపెనీకి అధిపతిగ నున్న స్పెన్సర్ రాస్కాఫ్ సియాటిల్ పట్టణమున తన సొంత ఇంటిని 10 లక్షల 50 వేల డాలర్లకు అమ్మెను. ఆ యింటికి ఆయన కంపెనీ కట్టిన లెక్క దాదాపు 17 లక్షల 50 వేల డాలర్లు. వైద్యుడు తన బిడ్డకు తన మందు ఇయ్యక పొరుగు వైద్యుని పిలిచినట్లు, ఆయనయు తన యంత్రము చెప్పిన వెలను గాక బజారు చెప్పిన వెలనే పుచ్చుకొనవలసివచ్చెను. దీనిని మేము ఎగతాళికి వ్రాయుటలేదు. ఆ అంకెను ఎంతవఱకు నమ్మవలెనో తెలియుటకు ఇంతకు మించిన సాక్ష్యము వేఱొండు లేదు.

అంతకంటె పెద్దపాఠము 2021లో వచ్చినది. ఆ కంపెనీ 2018 నుండి తానే ఇండ్లు కొని, కొంత బాగుచేసి, మరల అమ్ము వ్యాపారమునకు దిగెను. 2021 ఆరంభమున కొన్ని పట్టణములలో తన జెస్టిమేట్ అంకెనే నగదు బేరమునకు తొలిమాటగా నిలిపెను. ఆ సంవత్సరము నవంబరులోనే ఆ వ్యాపారమును మూసివేయుచున్నామని ప్రకటించెను. మూడునెలల లెక్కలలోనే 30 కోట్ల డాలర్లకు మించిన విలువ తఱుగుదల వ్రాసికొని, ఉద్యోగులలో నాలుగవవంతు మందిని తీసివేసెను. ఇండ్ల వెలలు ముందుకు ఎట్లు నడచునో తాము తలచినంతగ చెప్పజాలమని దాని అధికారులే ఒప్పుకొనిరి.

ఈ పతనమునకు కారణమేమి? మన రైతులకు ఇది తెలియని సంగతి కాదు. ఎద్దులసంతకు పోయినవాడు ఎద్దు రంగు చూచి డబ్బు లెక్కపెట్టడు. పండ్లు చూచును, మూపురము తడవును, కాడికి కట్టి నాలుగడుగులు నడిపించును. ఏలయన అమ్మువానికి తెలిసిన దోషము కొనువానికి తెలియదు. చూడకయే ఒక వెల చెప్పి, ఎవరు తెచ్చినను కొందునని సంతలో కూర్చున్నవానికి ఎట్టి ఎద్దులు వచ్చునో వేఱుగ చెప్పవలయునా? తన యింటికి యంత్రము ఎక్కువ వెల కట్టిన యజమాని సంతోషముతో తాళపుచెవు లిచ్చిపోవును. తక్కువ కట్టిన యజమాని నవ్వి, బజారులో అమ్ముకొనును. కాబట్టి చూడకుండ కొనువాని చేతికి ఎక్కువ వెల పలికిన వస్తువులే వచ్చి చేరును. లెక్క సగటున సరిగనే యుండవచ్చును. కాని వ్యాపారము సగటుతో జరుగదు. ఒక్కొక్క యింటితో జరుగును.

యంత్రమునకు మేత దాఖలాలే. దాఖలా లేనిచోట దానికి చూపు లేదు. మనవారు విస్తారముగ నివసించు టెక్సాసులోనే ఇల్లు ఎంతకు అమ్ముడైనదో ప్రభుత్వమునకు తెలుపవలెనను నిర్బంధము లేదు. ఆ రాష్ట్రమున అసలువెలలు మధ్యవర్తుల సంఘముల పుస్తకములలో నుండునేగాని, బహిరంగ దాఖలాలలో నుండవు. మఱి ఆ రాష్ట్రమున ఇంటిపన్ను భారము హెచ్చు. ఏటేట పన్నుకొఱకు జిల్లా మదింపు కచ్చేరి ఇంటికి వెల కట్టును. అది ఎక్కువయని మనవారు పోయి వాదించి తగ్గించుకొందురు. ఆ యజమానియే మఱుసటియేడు అమ్మకమునకు పెట్టి, ఫోనులోని అంకె తక్కువయని నొచ్చుకొనును. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అనుటకు తోడు, పన్ను కట్టబోతే గుడిసె యను మాటయు చేర్చుకొనవచ్చును. నవ్వులకు జెప్పినను ఇందొక సత్యము గలదు. వెల యనునది గోడకు వ్రేలగట్టిన చీటి కాదు. ఎవరు, ఎప్పుడు, ఎందులకు అడుగుచున్నారను దానిని బట్టి దాని రూపు మాఱును.

ఇట్లనుటచేత నిపుణులందఱును దేవతలని మా యభిప్రాయము కాదు. వారి లోపములను దాచినచో మేము కూడ దళారుల పక్షమున వకాల్తా పుచ్చుకొన్నట్లగును. ఇల్లు అమ్మిపెట్టు మధ్యవర్తికి బేరము కుదిరినగాని కూలి లేదు. కావున మొదట మీ యిల్లు తన చేతికి వచ్చుటకు పెద్దవెల చెప్పి మురిపించును. పిమ్మట నెలలు గడచినకొలది తగ్గింపుమని తొందరపెట్టును. బ్యాంకు తరపున వెల కట్టు మదింపుదారుని కథ వేఱు. అమెరికాలో పొదుపు బ్యాంకులు కూలినపిమ్మట, 1989లో చట్టము చేసి, మదింపుదారులకు ప్రభుత్వపు యోగ్యతాపత్రము విధించిరి. ఐనను 2008 నాటి ప్రళయమునకు ముందు, అప్పిచ్చువారు తమకు కావలసిన అంకె తెచ్చువానికే పని ఇచ్చుచుండిరి. అందుచే 2010లో వారి స్వాతంత్ర్యమును కాపాడుటకు మఱియొక చట్టము కావలసివచ్చెను. నల్లజాతి కుటుంబముల ఇండ్లకు తక్కువ వెల కట్టుచున్నారను ఫిర్యాదులు పెరుగగా, 2021లో ఆ ప్రభుత్వమే దానిని విచారించుటకు ఒక సంఘమును నియమించెను. మనుష్యునికి కన్నులున్నవి, కాని ఆ కన్నులకు ఆశయు పక్షపాతమును గంతలు కట్టగలవు.

మఱి భేద మెచ్చట? జవాబుదారీలో నున్నది. యోగ్యతాపత్రముగల మదింపుదారుడు ఏ యిండ్లతో పోల్చెనో, పైకప్పు పాతబడినందుకు ఎంత తగ్గించెనో, మూలస్థలమునకు ఎంత కలిపెనో కాగితముపై వ్రాసి చేవ్రాలు చేయును. ముందుగ అనుకొనిన అంకె తెచ్చినచో ఇంతయను కూలి ఒప్పుకొనుట వారి వృత్తినియమములకు విరుద్ధము. తప్పు చేసినచో అతనిని పిలిచి అడుగవచ్చును, పత్రమును రద్దుచేయవచ్చును. యంత్రపు అంకెకు చేవ్రాలు లేదు. తన యింటికి తక్కువ లెక్క చూపుటచేత బేరము చెడుచున్నదని ఇల్లినాయిసులో 2017లో దావా పడగా, షికాగోలోని ఫెడరల్ అప్పీలుకోర్టు 2019లో అది అంచనా మాత్రమే, అభిప్రాయము మాత్రమే, పేరులోనే అంచనాయని యున్నదని చెప్పి దావాను నిలువనీయలేదు. న్యాయము ప్రకారము తీర్పు సరియే కావచ్చును. కాని మనము గ్రహింపవలసిన దేమన, ఆ అంకె తప్పయినప్పుడు మన కెవరును జవాబుచెప్ప నక్కఱలేదు. అమెరికా ప్రభుత్వ సంస్థలు ఆరు కలసి, అప్పులిచ్చువారు వాడు యంత్రపు లెక్కలను యథేచ్ఛగ చీట్లు తీసి పరీక్షింపవలెననియు, స్వార్థము చొరనీయరాదనియు, వివక్ష చూపరాదనియు 2024లో నియమములు చేసినవి. యంత్రమును వదలుమని కాదు, దానికి కళ్లెము వేయుమని వా రనిరి. ఇది వివేకమైన మార్గము.

ఇప్పుడు మన యింటికి వత్తము. మన దేశమున ఒక యింటికి మూడు వెలలున్నవి. సబురిజిస్ట్రారు కచ్చేరి వెల యొకటి. దస్తావేజులో వ్రాసిన వెల యొకటి. చేతులు మాఱిన వెల యొకటి. మొదటి రెండును తఱుచుగ ఒక్కటియే. మూడవది గాలిలో కలిసిపోవును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రిజిస్ట్రేషను శాఖలు ప్రాంతముల వారీగ గజమునకు ఇంతయని తమ వెలలను అంతర్జాలమున అందఱికిని చూపుచున్నవి. ఇది మెచ్చదగినదే. కాని ఆ వెలలు స్టాంపుసుంకము వసూలునకు పుట్టినవి. ఇల్లు అమ్ముకొనుటకు కాదు. తెలంగాణములో 2013 తరువాత 2021 జూలైవఱకు ఆ వెలలను సవరింపలేదు. ఆ యెనిమిదేండ్లలో హైదరాబాదు పడమటిదిక్కున ఎన్ని చెఱువుగట్లు మేడలైనవో చూచినవారికి, ఆ పట్టికకును వాస్తవమునకును ఎంత దూరమో తెలియును.

ఇండ్ల ప్రకటనలు వేయు అంతర్జాల సంస్థలు చూపు వెలలు చాలవఱకు అమ్ముదురన్న వెలలే గాని, అమ్మిన వెలలు కావు. కోరిక వేఱు, కొలత వేఱు. జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 2007 నుండి రెసిడెక్స్ అను సూచికను ప్రకటించుచున్నది. అది పట్టణములో వెలల పోకడ చెప్పును. ఫలానా సందులోని మీ పెంకుటిల్లును గూర్చి చెప్పదు. కాబట్టి అమెరికా యంత్రము సరియైన దాఖలా తిని ఏడుశాతము తప్పు చెప్పుచుండగా, అబద్ధపు దస్తావేజులు తిని మన యంత్రములు ఏమి చెప్పగలవు? విత్తనము చెడినప్పుడు పంటను నిందించి ఫలమేమి?

అంకెకు అందని దింకొకటి యున్నది. అమరావతినే చూడుడు. 2015 అక్టోబరులో రాజధానికి శంకుస్థాపన జరిగెను. కృష్ణయొడ్డున గజముల లెక్కన బేరములు సాగెను. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట పుట్టెను, కొనువాడు కనుమరుగయ్యెను. 2024 జూనులో ప్రభుత్వము మాఱెను. మరల బేరములు లేచెను. మన్ను అదే, గట్టు అదే, కృష్ణ అదే. గడచినయేటి విక్రయములను చూచి వెల కట్టు యంత్రమునకు, రాబోవు శాసనసభ మనసు ఏల తెలియును? మనుష్యునికిని తెలియదనుట నిజమే. కాని "ఇది రాజధానిపై పందెము, జాగ్రత్త" అని చెప్పుటకైనను ఒక మనుష్యుడు కావలెను.

ఇక ఏమి చేయవలెను? పుచ్చుకొనువారికి నాలుగు మాటలు చెప్పుదుము. ఫోనులోని అంకెను వెలగా కాక, వెలకు సరిహద్దుగా చూడుడు. దాని కిరుప్రక్కల పదిశాతము విడిచి ఆలోచింపుడు. మీ వీధిలో గడచిన యాఱునెలలలో నిజముగ చేతులు మాఱిన ఇండ్లు మూడింటిని విచారించి తెలిసికొనుడు. దళారి చెప్పిన వెలకు కారణము లడుగుడు. కారణము చెప్పలేనివాని వెలయు యంత్రపు అంకెయు ఒక్కటియే. పెద్దబేరమైనప్పుడును, అన్నదమ్ముల పంపకమైనప్పుడును, బేరముతో సంబంధములేని మదింపుదారునికి నియతమైన రుసుము ఇచ్చి, అందఱి సమక్షమున వ్రాతమూలకముగ వెల కట్టించుకొనుడు. 2013 నాటి కంపెనీల చట్టము క్రింద, 2017 నాటి నియమముల ననుసరించి, పరీక్షలో నెగ్గి రిజిస్టరైన భూభవన మదింపుదారులు మన పట్టణములలో నున్నారు. వారికి ఇచ్చు కొన్నివేల రూపాయలకు వెనుదీయువారు లక్షలు పోయినపిమ్మట ప్లీడరుకు ఇచ్చుటకు వెనుదీయరు. ఇది మన దౌర్భాగ్యము.

ప్రభుత్వములకును ఒక మాట. వెలల పట్టికలను ఎనిమిదేండ్ల కొకసారి గాక, నియతకాలమున వాస్తవమును చూచి సవరింపవలెను. ఇల్లు, భూమి బేరములలో ఇరువదివేల రూపాయలకు మించి నగదు పుచ్చుకొనరాదని 2015లో చట్టము సవరించిరి. దానిని కాగితముపైనే నిలుపక నడపింపవలెను. స్టాంపుసుంకము భారమైనకొలది అబద్ధము లాభసాటి యగును. సుంకమును తగ్గించి సత్యమును పెంచు ధైర్యము పాలకులకు కలుగవలెను.

చివరకు ఈ దోషము మనదే. దస్తావేజులో సగమువెల వ్రాసి, మిగిలిన సగము సంచిలో పుచ్చుకొను గృహస్థుడు ప్రభుత్వమును మోసగించితినని సంతోషించును. కాని అతడు మోసగించినది తన పొరుగువానిని. రేపు వెల తెలియక తక్కువకు అమ్ముకొను వితంతువును. వైద్యమునకు ఇల్లు అమ్మవలసివచ్చిన వృద్ధుని. ఒక్కొక్క అబద్ధపు దస్తావేజు ఊరివారి కన్నులలో కొట్టిన గుప్పెడు దుమ్ము. స్వరాజ్యము వచ్చి 1947 నుండి ఇన్ని యేండ్లైనను మన యింటివెలను మన పుస్తకములలో మనము నిజముగ వ్రాసికొనలేకున్నాము. ఎప్పుడు వ్రాసికొందుమో అప్పుడు యంత్రమును నిజము చెప్పును, మదింపుదారుడును నిజము చెప్పును. అంతవఱకు వెల చెప్పినవారినెల్ల, అది ఫోనైనను సరే, దళారియైనను సరే, "మా యింటిలోనికి వచ్చి చూచితివా?" అని ముందుగ అడుగుడు.